మానుకు చెవి ఆనించేవాడు

చెప్పులో దిగిన ముల్లు తీసుకుందామని సిలాస్ నలభై ఏడో నంబరు ఖర్జూర చెట్టుకు తల ఆనించి కాలు పైకెత్తాడు. ఆనించిన చెవికి, మాను లోపల ఏదో కరకరా నములుతున్న చప్పుడు వినిపించింది.

కాలు అలాగే గాలిలో ఉండిపోయింది.

చెవి తీశాడు. చిటికెన వేలు పెట్టి దులుపుకున్నాడు. మళ్లీ ఆనించాడు. అదే చప్పుడు. తడి చెరుకు గడను దవడ పళ్లతో నిదానంగా పిప్పి చేస్తున్నట్టు. ఒక నోరు కాదు. పది నోళ్లు, ఇరవై నోళ్లు.

"బాబాయ్, ఉలీ సుత్తీ పట్రా," అన్నాడు.

ఎదురుగా నిలబడి అతని మొహంకేసే చూస్తున్న ఏసుదానం గదివైపు నడిచాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. కోనసీమలో పాతికేళ్లు కొబ్బరి దింపు పని చేశాడు. దుబాయ్ వచ్చి కంకర క్వారీలో ఆరేళ్లు రాళ్ల మధ్య గడిపాడు. పదేళ్లుగా ఈ తోటకు కాపలా. సిలాస్‌కు సొంత బాబాయ్ కాడు. ఒకే ఊరు, ఒకే సంఘం, సిలాస్ తండ్రితో కలిసి చెట్లెక్కినవాడు. మానుకు చెవి పెట్టి లోపలి పురుగును వినడం సిలాస్‌కు నేర్పింది ఆయనే.

ఉలి మూడంగుళాలు దిగేసరికి గోధుమరంగు రసం కారింది. పులిసిన కల్లు వాసన. ఇంకో రెండంగుళాలు. బొటనవేలంత తెల్లటి పురుగు, కాళ్లు లేనిది, ఎర్రటి తలకాయతో, వెలుతురుకు ముడుచుకుంది. దాని పక్కన పీచును తాడు పేనినట్టు చుట్టిన గూడు. సిలాస్ గూడు విప్పాడు. లోపల ఇటుకరంగు పురుగు, పొడుగాటి ముక్కుతో, రెక్కలు సర్దుకుంటూ బయటికి రావడానికి సిద్ధంగా ఉంది.

ఎర్రముక్కు పురుగు.

కోనసీమ మనిషికి దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. అది పుట్టింది మన వైపు దేశాల్లోనే. ఈ దేశానికి రెక్కల మీద రాలేదు. ఇరవై ఏళ్ల కిందట ఎవరో అందం కోసం చెట్లు తెప్పించుకుంటే, ఆ చెట్ల కడుపులో కూర్చుని ఓడ దిగింది. ఆ తర్వాత లారీ ఎక్కింది, పికప్ ఎక్కింది. మనిషి నాటడానికి పిలకను ఎక్కడికి మోసుకెళ్తే అక్కడికి వెళ్లింది. మైదానంలో తోటలకు తోటలే పోయాయి.

ఈ తోటకు మాత్రం రాలేదు. రాస్ అల్ ఖైమా కొండల మధ్య ఎండిన వాగు వెంట ఎనిమిది కిలోమీటర్లు లోపలికి వస్తే కాని ఈ తోట కనపడదు. దారిలో ముళ్ల తుమ్మలు తప్ప పురుగు వాలడానికి ఒక్క ఖర్జూరపు చెట్టు లేదు. వాగు మొదట్లో ఇనుప గొలుసు. బయటి పిలక కాదు కదా, బయటి ఖర్జూరపాకు అల్లిన బుట్ట కూడా ఆ గొలుసు దాటకూడదని యజమాని అర్బాబ్ ఉబైద్ పెట్టిన ఆన. వాసన మందు పెట్టిన బక్కెట్లు వేలాడదీసి పురుగును పట్టే పద్ధతి కూడా ఇక్కడ లేదు. లేని పురుగును పిలవడమెందుకని ముసలాయన ఒప్పుకోలేదు. రెండువందల పన్నెండు చెట్ల కాపలా అంతా ఒక మనిషి చెవి మీదే ఉంది.

ఆ మనిషి ఇప్పుడు సిలాస్ అరచేతిలోని గూడును చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ నేలమీద కూర్చుండిపోయాడు.

*

సాయంత్రానికి అర్బాబ్ వచ్చాడు.

డెబ్భై దాటిన మనిషి. నలభై ఏడో చెట్టు ఆయన తల్లి నాటింది. ఉలి చేసిన బెజ్జంలో చెయ్యి మణికట్టు దాకా పెట్టాడు, ఆవు ఈనేటప్పుడు పెట్టినట్టు. బయటికి తీసి, వేళ్లకు అంటిన గుజ్జును వాసన చూశాడు. కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేదని సిలాస్ అనుకున్నాడు.

"కౌన్ లాయా?" అని మాత్రం అడిగాడు.

ఎవరు తెచ్చారు. అక్కడున్నది ముగ్గురు. సిలాస్, ఏసుదానం, పికప్ డ్రైవర్ అమీర్ జాన్. అందరి కళ్లూ పికప్‌కేసి తిరిగాయి.

పెషావర్ అవతలి కొండల మనిషి అమీర్ జాన్. గడ్డం సగం నెరిసింది. అబద్ధం చెప్పడం చేతకాదు, అదే అతని కొంప ముంచింది. నిరుడు ఎండాకాలం ముందు, సెలవు రోజున, అర్బాబ్‌కు చెప్పకుండా బండి బయటికి తీసి మైదానంలో ఒక తోట నుంచి ఇంకో తోటకు ఖర్జూర పిలకలు మోశానని అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. రెండు ట్రిప్పులు.

"ఈ గొలుసు లోపలికి తేలేదు అర్బాబ్," అన్నాడు.

అర్బాబ్ అతన్ని దొంగను చూసినట్టు చూశాడు. తరువాత సిలాస్ చేతిలోని ఫారం చూపించాడు. వ్యవసాయ శాఖకు కాంట్రాక్టు మీద పురుగుల తనిఖీ చేసే చిన్న కంపెనీ సిలాస్‌ది. ఎక్కడ పురుగు కనపడినా ఆ ఫారం నింపాలి. ఎన్ని చెట్లు, ఎంత కాలం నుంచి, చివరి గడిలో వచ్చిన మార్గం.

"శనివారం పొద్దున ఆ గడి నిండి నా చేతికి రావాలి," అన్నాడు అర్బాబ్, ముసలి అరబ్బులు మాట్లాడే హిందీలో. "బండి మీద వచ్చిందని నువ్వు రాస్తే ఆదివారం వీడి వీసా ఖలాస్. ముద్ర కొట్టించి పంపుతాను."

ముద్ర పడితే మళ్లీ ఈ దేశంలో కాలు పెట్టడం ఉండదు. పన్నెండేళ్లుగా ఇక్కడ బతుకుతున్న మనిషి, ఒక్క సంతకంతో.

"ఇంకోలా రాస్తే?" అన్నాడు సిలాస్.

"ఇంకోలా అయితే ఇంకోలా రాయి. నాకు నిజం కావాలి. చెట్టును చంపినవాడి పేరు తెలియకుండా చెట్టును కాల్చను."

*

గురువారం పొద్దుటి నుంచి సిలాస్ ఒక్కో చెట్టూ విన్నాడు. మధ్యాహ్నానికి పురుగు పట్టినవి ముప్పై ఒకటి తేలాయి. ఒక్కోదానికి ఎర్రరంగు పూస్తూ వచ్చాడు. నీళ్ల తొట్టెకు దగ్గర్లో నలభై ఏడో చెట్టు. అక్కణ్ణించి చుట్టూ, నూనె బొట్టు కాగితం మీద పాకినట్టు.

అమీర్ జాన్ రంగు డబ్బా మోస్తూ వెంట తిరిగాడు. తన ఉరికి తనే తాడు పట్టుకొస్తున్నట్టుందని ఒకసారి అన్నాడు. నవ్వాడు కూడా.

"ఆ రోజు బండి కడిగావా?" సిలాస్ హిందీలో అడిగాడు.

"కడిగానా? గొలుసు దగ్గర ఏసుదానం చాచా దిగమన్నాడు. నీళ్లు కొట్టించాడు. చీపురుతో ఊడిపించాడు. చక్రాల సందులో పుల్ల పెట్టి గీకించాడు. నా పెళ్లి రోజున కూడా నేను అంత శుభ్రంగా లేను, సిలాస్ భాయ్."

"పిలకలు మోశావని చాచాకు తెలుసా?"

"తెలుసు. అర్బాబ్‌కు చెప్పనులే అన్నాడు. మంచివాడు." అమీర్ జాన్ డబ్బా కింద పెట్టాడు. "నిన్నటి నుంచి నాతో మాట్లాడ్డం లేదు. రొట్టె కంచంలో పెడితే చూస్తూ కూర్చుంటాడు. నా మీద కోపమేమో. అడుగుదామంటే ఆయనతో మాట్లాడ్డం కూడా పెద్ద పని. వెనక నుంచి పిలిస్తే నవాబుగారు తిరగరు. ముందుకెళ్లి సలాం కొట్టాలి."

"ఎప్పటి నుంచి ఈ నవాబీ?"

"మూడేళ్లవుతుందేమో. వయసొస్తే పెద్దరికం వస్తుంది కదా అనుకున్నాను."

సిలాస్ నవ్వి ఊరుకున్నాడు. నవ్వి ఉండకూడదని మర్నాడు తెలిసింది.

పనయ్యాక గదికి వెళ్లి ఏసుదానం చెట్ల పుస్తకం తీశాడు. నంబర్ల వారీగా గీతలు గీసిన బౌండు పుస్తకం. చెట్టును విని, లోపల చప్పుడు లేకపోతే ఏసుదానం ఒక చిన్న సిలువ గుర్తు పెడతాడు, ఉంటే సున్నా. పేజీల నిండా సిలువలే. ఒక్క సున్నా లేదు. మూడు నెలలకోసారి సిలాస్ వచ్చి ఆ పుస్తకం చూసి, ఆ గుర్తుల్ని తన ఫారంలోకి ఎక్కించుకుని, చేపల పులుసు తిని వెళ్లిపోయేవాడు. బాబాయ్ విన్న చెట్టును మళ్లీ తను వినడం అవమానించడమేనని అనుకునేవాడు.

నలభై ఏడు మీద వేలు పెట్టాడు. సోమవారం. అంటే పురుగు దొరకడానికి రెండు రోజుల ముందు. సిలువ గుర్తు.

బుధవారం నాడు ముల్లు తీసుకుంటున్నవాడికి వినపడిన చప్పుడు, సోమవారం నాడు చెవి ఆనించిన దింపు మనిషికి వినపడకపోవడమేమిటి? అయితే ఆయన వినకుండానే గుర్తు పెట్టి ఉండాలి.

"చాచా రోజూ చెట్ల దగ్గరికి వెళ్తాడా?" గుమ్మంలోంచి అడిగాడు.

"నా నమాజు ఒక పూట తప్పుతుందేమో," అన్నాడు అమీర్ జాన్ పిండి పిసుకుతూ. "ఆయన చెట్టు తప్పదు. కళ్లు మూసుకుని, మానును కౌగిలించుకుని నిలబడతాడు. పెళ్లాం పోయాక ఇంకా ఎక్కువసేపు."

లెక్క కుదరలేదు. సిలాస్ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చివరి గడి ఖాళీ.

ఏసుదానం గది వెనక రాయి మీద కూర్చుని ఉన్నాడు. సిలాస్ ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"బాబాయ్, అమీర్ జాన్ తెచ్చాడంటావా?"

పెద్దాయన అతని పెదాలకేసి చూశాడు. తల అడ్డంగా ఊపి, లేచి, తోటలోకి వెళ్లిపోయాడు.

*

ఆదివారం కూడా శుక్రవారమే వచ్చే దేశం ఇది. సెలవు శుక్రవారం కనక ఆరాధనా ఆ రోజే. రాస్ అల్ ఖైమాలో చర్చి ఆవరణలోని చిన్న హాలు తెలుగువాళ్లకు పొద్దున రెండు గంటలు ఇస్తారు. ఇళ్లలో పనిచేసే గోదావరి ఆడవాళ్లు, ఆసుపత్రి నర్సులు, సైట్ల మగవాళ్లు. సిలాస్ ఈ సంఘానికి కొత్త. నిరుడు జూన్ దాకా దుబాయ్‌లో, అల్ కుసైస్ లేబర్ క్యాంపులో ఉండేవాడు.

వచ్చే బుధవారం భస్మ బుధవారం. నిరుటి మట్టల పండుగనాడు పంచిన ఆకు సిలువలను ఇళ్ల నుంచి తెచ్చి ఇస్తే, వాటిని కాల్చిన బూడిదతో నొసట గుర్తు పెడతారు. గుమ్మం దగ్గర నర్సు ఫేబా బుట్ట పట్టుకుని నిలబడింది. వచ్చినవాళ్లు బైబిళ్లలోంచి సిలువలు తీసి అందులో వేస్తున్నారు.

"నీది లేదా తమ్ముడూ?"

"అప్పుడు నేనిక్కడ లేను కదా అక్కా," అంటూ సిలాస్ బుట్టలోకి చూశాడు.

చూసినవాడు చూపు తిప్పుకోలేకపోయాడు.

ఖర్జూరపాకు మన ఈతాకుకు దగ్గరి చుట్టం. బిరుసుగా ఉంటుంది, కొసన ముల్లుంటుంది, మడిస్తే విరుగుతుంది. బుట్టలో ఉన్నవి అవి కావు. సన్నగా, మెత్తగా, ఈనె తీసి మడిచినవి. పది నెలలకు వన్నె తగ్గినా ఇంకా లేత పసుపు. ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు. కళ్లు మూసుకుని చెప్పగలడు. కొబ్బరాకు. అది కూడా ముదురుది కాదు. చెట్టు నడినెత్తిన, ఇంకా విచ్చుకోని మొవ్వులోది.

మొవ్వు తీయాలంటే చెట్టును చంపాలి. చెట్టు కూలితే తప్ప మొవ్వు చేతికి రాదు.

"ఇవెవరు చేశారక్కా?"

"ఇంకెవరు, మీ బాబాయే. అరవై చేశాడు ఒక్కడే కూచుని." ఫేబా గొంతు తగ్గించింది. "మీ పిన్ని అడిగింది. ఇక్కడే ఇళ్లలో పనిచేసిన మనిషి, మరియకుమారి అప్పటికే ఆసుపత్రి మంచం దిగడం మానేసింది. చేతుల్లో సూది గుచ్చడానికి చోటు లేదు. నేను ఖర్జూరం మట్ట ఒకటి తీసుకెళ్లి చూపించాను, పండక్కి రాలేకపోతుంది కదా అని. పట్టుకుని చూసి నవ్వింది. 'ఇదీ గుచ్చుకుంటుంది ఫేబా, ఉన్న సూదులు చాల్లేదా' అంది. 'మన కొబ్బరి మొవ్వు అయితే పట్టుకుంటాను' అంది."

"బాబాయ్ అక్కడే ఉన్నాడా?"

"మంచానికి అవతల, కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. ఆవిడ మాట పట్టించుకోనట్టే నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. ముందుకెళ్లి, గట్టిగా మళ్లీ చెప్పాను, మీ ఆవిడ ఇలా అడుగుతోందయ్యా అని. అప్పుడు ఆ మొహం చూడాలి తమ్ముడూ. మూడో రోజుకల్లా సంచీ నిండా సిలువలు."

సిలాస్ చేతిలోని సిలువను మళ్లీ తిప్పి చూశాడు.

"కొబ్బరి మొవ్వు ఈ ఊళ్లో ఎక్కడ దొరికింది?"

"సముద్రం ఒడ్డున హోటలు ఉంది కదా. అందం కోసం పెంచిన కొబ్బరి చెట్లు నాలుగు వాడిపోతున్నాయని అప్పుడే కొట్టించారు. అక్కణ్ణించి తెచ్చానన్నాడు. మంగళవారం పొద్దున ఆవిడ చేతిలో పెట్టాడు. అదే రోజు మధ్యాహ్నం పోయింది. ఊరికి పంపిన పెట్టెలో కూడా అదే పెట్టాం." ఫేబా బుట్టలోకి చూసింది. "ఏమైంది? అలా అయిపోయావేంటి?"

నిండు కొబ్బరి చెట్టు ఉన్నట్టుండి నడినెత్తి నుంచి వాడిపోతే కోనసీమలో చిన్నపిల్లలు కూడా కారణం చెబుతారు.

పాట మొదలైంది. సిలాస్ కూర్చోలేదు. చేతిలోని సిలువను చొక్కా జేబులో వేసుకుని బండి దగ్గరికి నడిచాడు.

*

వాగు దారిలో ఎనిమిది కిలోమీటర్లూ ఒకటే మాట తల్లో తిరిగింది. అది కాకుండా ఉంటే బాగుండును.

తోటలో నీళ్ల తొట్టె వెనక చెత్త వేసే గొయ్యి ఉంది. నలభై ఏడో చెట్టుకు ముప్పై అడుగుల దూరం. సిలాస్ పారతో ఎండిన గడ్డి, ఎరువు సంచులు, ఖర్జూరపు గెలల పుల్లలు పక్కకు లాగాడు. మోకాలి లోతున పారకు మెత్తగా తగిలింది. పైకి తీశాడు.

కొబ్బరి చెట్టు తలకాయ. ఆకులన్నీ ఒలిచేశాక మిగిలిన మొదలు, చిన్న కుండంత. ఎండి, నల్లబడి, తేలికైపోయింది. దాని పక్కలో నాలుగు గుండ్రటి బెజ్జాలు, బొటనవేలు పట్టేంత. ఒక బెజ్జంలో పీచు గూడు ఇంకా ఇరుక్కుని ఉంది. ఖాళీ గూడు. లోపలున్నది ఎప్పుడో బయటికి నడిచి, గొయ్యి అంచెక్కి, రెక్కలు విప్పి, ముప్పై అడుగుల దూరంలో తొలి చెట్టును చూసుకుంది.

దాన్ని రెండు చేతులా పట్టుకుని సిలాస్ తోటలోకి నడిచాడు.

ఏసుదానం నలభై ఏడు దగ్గరే ఉన్నాడు. రేపు పొద్దున యంత్రం వచ్చి దాన్ని పడగొడుతుంది. ఆయన మానును కౌగిలించుకుని, చెవి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. మాను లోపలి నములుడు నాలుగడుగుల దూరంలో ఉన్న సిలాస్‌కు కూడా వినపడుతోంది.

"బాబాయ్."

కదలలేదు.

"బాబాయ్." ఈసారి కొంచెం గట్టిగా.

గువ్వ ఒకటి మట్టల్లోంచి లేచిపోయింది. ఆయన కదలలేదు.

"ఏసుదానం బాబాయ్," అని అరిచాడు సిలాస్. కొండ ఆ పేరును తిరిగి పలికింది. పెద్దాయన చెవి మానుకే ఉంది. మొహం మీద పూర్వం సిలాస్‌కు చెట్టు వినడం నేర్పిన రోజుల్లోని శ్రద్ధే ఉంది.

నవాబీ కాదు. పెద్దరికం కాదు. బద్ధకించి దొంగ గుర్తులు పెట్టడమూ కాదు. సిలాస్ చుట్టూ తిరిగి ఎదుటికి వెళ్లాడు. కళ్లు తెరిచిన ఏసుదానం ముందు అతని మొహం చూశాడు. తరువాత చేతుల్లోనిది చూశాడు. చెట్టును వదిలి, దాని మొదట్లోనే కూర్చున్నాడు.

"ఫారం తెచ్చావా?" అన్నాడు.

సిలాస్ తెచ్చానన్నట్టు జేబు చూపించాడు. ఎదురుగా కూర్చుని, మోకాలి మీద కాగితం పరిచి, పెన్ను తీశాడు. కళ్లు మసకలు కమ్మి గడి ఎక్కడుందో వెంటనే కనపడలేదు.

"రాయరా సిలాసూ. నేను చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో పెట్టు. పురుగుని ఈ కొండల్లోకి తెచ్చింది అమీర్ జాన్ కాదు. ఏసుదానం. ఆ ముక్క ముందు రాయి. గొలుసు తాళం నా దగ్గరే ఉంది, నన్నాపేదెవరు? అందరి బళ్లూ ఎతికినోణ్ణి, నా భుజం మీది గోనె సంచి నేను ఎతుక్కోలేదు.

"ఆ హోటలు చెట్లు వాడిపోతన్నాయని నాకు తెల్సు. పురుగేమోనని అనుమానం కూడా వొచ్చింది. పాతికేళ్లు దింపు చేసినోడికి రాదా? అందుకే మొవ్వు నరికించుకునే ముందు చెవి పెట్టాను. తిప్పి తిప్పి మూడుసార్లు పెట్టాను. ఏం చప్పుడు లేదు. బాగానే ఉంది అనుకున్నాను. మరియ అడిగింది కదరా. ఈ దేశమొచ్చిన పదేళ్లలో ఏదీ అడగని మనిషి.

"నా చెవులు క్వారీలో పోయాయి. తూటాలు పేలినప్పుడల్లా కొంచెం కొంచెం. ముందు పిట్టలు పోయాయి. తరవాత కాలవలో నీళ్ల చప్పుడు పోయింది. అది ఎప్పుడు పోయిందో నాకే తెలీదు, ఒకరోజు చూస్తే లేదు. మనుషుల మాట మొహం చూస్తే తెల్సిపోయేది, అందుకని రోజులు గడిచిపోయాయి. చెట్లకి మొహం ఉండదు కదరా.

"పొద్దున్నే చెవి పెట్టేవోణ్ణి. లోపల నిశ్శబ్దంగా ఉండేది. చల్లగా ఉన్నాయి నా చెట్లు అనుకుని సిలవ గుర్తు పెట్టేవోణ్ణి. ఒక్క అబద్ధం రాయలేదు. నాకినపడిందే రాశాను. కానీ మనసులో ఎక్కడో తెల్సు. తెల్సీ నన్ను నేనే బుకాయించుకున్నాను. చెవులు లేనోణ్ణి ఈ పనిలో ఎవరుంచుతారు? చెబితే పంపేస్తారు, అప్పుడు మరియ ఆసుపత్రిలో. తనని ఇక్కడొదిలి నేనెక్కడికెళ్లను? మరియ పోయాకైనా చెప్పొచ్చు. అప్పుడింక చెప్పాలనిపించలేదు. పొద్దున్నే ఈ చెట్లని పట్టుకు నిలబడ్డం ఒక్కటే మిగిలింది నాకు.

"నువ్వు ఉలితో గూడు తీసిన్రోజునే, అది చూడగానే నాకర్థమైపోయింది. గొయ్యిలో నేనేం పడేశానో నాకు తెల్సు కదా. రెండ్రోజులు నోరు మూసుకున్నాను. నా ఎదరే అర్బాబ్ వాణ్ణి దొంగన్నట్టు చూస్తే నేలకేసి చూశాను. వాడేమో రొట్టె చేసి నా కంచంలో పెడతన్నాడు. అది నోట్లోకి పోలేదురా. ఇదంతా రాయి. నా పేరు పూర్తిగా రాయి. రేపు అర్బాబ్‌కి నేనే ఇస్తాను, నువ్వు పక్కనుండు. ఆయనేమంటాడో నువ్వు నాకెదురుగా నిలబడి చెప్పాలి.

"ఇంకోటుంది. అది కాగితంలోకి అక్కర్లేదు. ఆ మంగళవారం పొద్దున మరియ చేతిలో సిలవ పెట్టాను. గట్టిగా పట్టుకుంది. అప్పటికి మూతికీ ముక్కుకీ ఆ గాలి తొడుగు పెట్టేశారు, పెదాలు కనపళ్లేదు. నా కళ్లలోకి చూసి ఏదో చెప్పింది. తొడుగు లోపల ఆవిరి పట్టడం చూశాను, అందుకని చెప్తందని తెల్సింది. కాసేపు చెప్పింది. నేను సరేనని తలూపాను. అప్పుడు కళ్లు మూసుకుంది. ఫేబా లేదు, ఎవరూ లేరు ఆ గదిలో, అడుగుదామంటే. దేనికి సరేనన్నానో నాకు తెలీదురా."